ఆటిజం నిర్ధారణ ఎలా జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

రక్తపరీక్షలో గానీ మెదడు స్కానింగులో గానీ ఆటిజం బయటపడుతుందా?

పడదు. ఎమ్మారై తీసినా, ఈఈజీ తీసినా, ఎంత రక్తం పరీక్షకు పంపినా "ఇది ఆటిజం" అని తేల్చి చెప్పే ల్యాబ్ పరీక్ష ఇంతవరకు రాలేదు. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఎలా పెరిగాడో ఇంట్లోవాళ్లు చెప్పే వివరాలను, ఎదుటి మనిషితో ఎలా మెలుగుతున్నాడో శిక్షణ పొందినవారు కళ్లారా చూసి రాసుకున్న పరిశీలనతో కలిపి చూసి నిపుణులు చేసే నిర్ణయాన్నే నిర్ధారణ అంటారు. సగం సమాచారం మీ దగ్గరే ఉంటుంది కనుక మీరు ఎంత నిక్కచ్చిగా చెబితే నిర్ధారణ అంత నమ్మదగినదవుతుంది.

అయితే ఏయే లక్షణాలను బట్టి చెబుతారు?

మన దేశంలో నిపుణులు ఎక్కువగా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 ప్రమాణాలనో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ అయిన ఐసీడీనో అనుసరిస్తారు. డీఎస్‌ఎం-5 లక్షణాలను రెండు గుంపులుగా విడదీసింది.

మొదటి గుంపులో మూడు అంశాలున్నాయి. ఎదుటివారితో మాటలో, నవ్వులో, ఆటలో ఇచ్చిపుచ్చుకునే తీరులో లోపం ఒకటి. చూపు, సైగ, ముఖకవళికల వాడకంలో లోపం రెండోది. స్నేహాలు కలుపుకోవడంలో, కలిసి ఊహించి ఆడుకోవడంలో లోపం మూడోది. నిర్ధారణకు ఈ మూడూ కనిపించాలి. మాటలు రాకపోవడం ఒక్కటే ఆటిజం కాదని దీన్ని బట్టి తెలుస్తుంది. మాటలు రాని బిడ్డ తల్లి కొంగు పట్టి లాగి, ఫ్రిజ్ వైపు వేలు చూపించి, మళ్లీ తల్లి ముఖంలోకి చూసి బతిమాలుతున్నాడంటే అతనికి సంభాషణ వచ్చు, మాట ఒక్కటే రాలేదు. అనర్గళంగా మాట్లాడే బిడ్డ మనం వింటున్నామో లేదో పట్టించుకోకుండా రైళ్ల పేర్లు వరుసగా వల్లిస్తూ పోతుంటే ఆ మాటలకు సంభాషణ అని పేరు పెట్టలేం.

అన్నం తినిపిస్తూ చందమామను చూపించే సందర్భాన్ని గుర్తు చేసుకోండి. ఏడాది దాటిన పిల్లలు చాలామంది మీ వేలి కొసను వదిలి, వేలు చూపిన దిక్కుకు తల తిప్పి చంద్రుణ్ని చూస్తారు. కొద్ది నెలలు గడిచాక తామే వేలెత్తి చూపించి, మీరు చూశారో లేదోనని మీ ముఖం వైపు తిరుగుతారు. ఆ తిరగడంలోనే అసలు విషయం ఉంది. కావలసిన వస్తువు కోసం చేయి చాచడం వేరు, "చూడు, ఎంత బాగుందో" అన్న సంతోషాన్ని పంచుకోవడానికి చూపించడం వేరు. నిపుణులు ముఖ్యంగా ఈ రెండోదాని గురించే గుచ్చి గుచ్చి అడుగుతారు.

రెండో గుంపులో నాలుగు అంశాలున్నాయి, వాటిలో కనీసం రెండు ఉండాలి. చేసిన పనినే, అన్న మాటనే పదేపదే చేయడం, అనడం మొదటిది. చేతులు ఆడించడం, బొమ్మ కారును నడపకుండా తిరగేసి చక్రాలను తిప్పుతూ కూర్చోవడం దీని కిందికి వస్తాయి. తల్లి రోజూ అడిగే "నీకు అన్నం కావాలా?" అన్న ప్రశ్ననే బిడ్డ తనకు ఆకలేసినప్పుడు యథాతథంగా అనడం, "నాకు" అనవలసిన చోట "నీకు" అనడం కూడా ఇందులోదే. బడికి రోజూ వెళ్లే దారి మారితే తట్టుకోలేకపోవడం రెండోది. ఒకే విషయం మీద అసాధారణమైన ఆసక్తి మూడోది. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుని పరుగెత్తడం, కొన్ని గుడ్డలు ఒంటికి తగిలితే భరించలేకపోవడం, లేదా దెబ్బ తగిలినా ఏడవకపోవడం వంటి ఇంద్రియ సంబంధమైన తేడాలు నాలుగోది.

ఇవి చిన్నతనంలోనే మొదలై ఉండాలి, రోజువారీ జీవితానికి గట్టిగా అడ్డుపడుతుండాలి. బుద్ధి వికాసంలో వెనుకబాటు ఒక్కదానితోనే వీటిని వివరించగలిగేలా ఉండకూడదు. మునివేళ్ల మీద నడుస్తున్నాడనో, ఫ్యాను వైపు చూస్తున్నాడనో ఒక్క లక్షణం పట్టుకుని నిర్ణయానికి రావడం తప్పు.

ఎంత వయసులో చెప్పగలరు?

అనుభవమున్నవారు రెండేళ్ల వయసులో చేసిన నిర్ధారణ చాలావరకు నిలుస్తుంది. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ ఆర్ అనే 20 ప్రశ్నల ప్రాథమిక పరిశీలన పత్రం ఉంది. అందులో 0 నుంచి 2 వరకు వస్తే ప్రమాదం తక్కువ, 3 నుంచి 7 వస్తే మరిన్ని ప్రశ్నలు అడిగి తేల్చుకోవాలి, 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా పూర్తి అంచనాకు పంపాలి. ఇది జల్లెడ వంటిది మాత్రమే. ఇందులో ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లలందరికీ ఆటిజం ఉండదు, తక్కువ వచ్చిన పిల్లలందరికీ లేదని కూడా కాదు.

"మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ రాలేదు" అని పెద్దలు అంటున్నారు. కొంతకాలం ఆగవచ్చా?

ఆగకూడదు. మన ఇళ్లలో పిల్లల అంచనాకు ఆలస్యం తెచ్చే మాటల్లో దీనిదే మొదటి స్థానమని నా అభిప్రాయం. ఆ మాట అనేవారికి ప్రేమ లేక కాదు. నిజంగానే ఆలస్యంగా మాట్లాడి, తరువాత చక్కగా ఎదిగినవారు ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు కనుక అది నమ్మదగినదిగానే వినిపిస్తుంది. అయితే ఆ నాన్నగారు రెండేళ్ల వయసులో పిలిస్తే పలికేవారా, వేలితో చూపించేవారా, దాగుడుమూతలు ఆడేవారా అని నానమ్మను అడిగి చూడండి. జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, చేయి ఊపి టాటా చెప్పడం వంటి సైగలు లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోవడం కనిపిస్తే వెంటనే చూపించాలి. ఇక, వచ్చిన మాటలు పోయినా, అంతవరకు చేసే పనులు మానేసినా ఏ వయసులోనైనా ఒక్క వారం కూడా వాయిదా వేయకండి.

ముందుగా ఎవరి దగ్గరకు వెళ్లాలి?

టీకాలు వేయించే పిల్లల డాక్టరుతో మొదలుపెట్టవచ్చు. నిర్ధారణ మాత్రం పిల్లల వికాస నిపుణులు, పిల్లల నరాల వైద్యులు, మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు కలిసో విడివిడిగానో చేస్తారు. సైకాలజిస్టులకు, స్పీచ్ థెరపిస్టులకు, స్పెషల్ ఎడ్యుకేటర్లకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాన్ని అడిగి తెలుసుకోవడం మర్యాద తప్పడమేమీ కాదు.

ప్రభుత్వ రంగంలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే బృందాలు అనుమానమున్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే అందరూ డీఈఐసీ అని పిలిచే చోటికి పంపుతాయి. సికింద్రాబాదు బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. ఒకప్పుడు ఎన్‌ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐఈపీఐడీ. రెండు రాష్ట్రాల నుంచీ కుటుంబాలు అక్కడికి వస్తుంటాయి.

ఒక హెచ్చరిక. నిర్ధారణ చేసి, ఆ వెంటనే అదే బల్ల మీద ఆరు నెలల థెరపీ ప్యాకేజీకి డబ్బు కట్టమనే చోట కాస్త ఆగి ఆలోచించండి. నిర్ధారణ సరైనదే కావచ్చు, కానీ నివేదికను చేతిలోకి తీసుకుని, ఇంటికి వెళ్లి నిదానంగా చదువుకునే హక్కు మీకుంది.

అపాయింట్‌మెంటు రోజున గదిలో ఏం జరుగుతుంది?

చాలామంది తల్లిదండ్రులు దీన్ని బడిలో చేర్చేటప్పటి ఇంటర్వ్యూ అనుకుని, దారి పొడవునా "ఏ ఫర్ ఆపిల్" చెప్పిస్తూ వస్తారు. అక్కడ ఎవరూ దాన్ని అడగరు.

సైకాలజిస్టు కింద చాప మీద కూర్చుని సబ్బు బుడగలు ఊదుతారు. బిడ్డకు నచ్చిందని తెలిశాక సీసా మూత బిగించి, చేతిలో పెట్టుకుని ఏమీ మాట్లాడకుండా ఆగుతారు. ఒక బిడ్డ సీసాను చూసి, ఆమె ముఖం చూసి, మళ్లీ సీసాను చూసి "ఊ" అంటుంది. ఇంకో బిడ్డ ఆమె వైపు చూడనే చూడకుండా మణికట్టు పట్టుకుని ఆ చేతిని సీసా మీద పెడతాడు, ఆ చేయి ఒక మనిషిదన్న స్పృహ లేకుండా, అదొక పనిముట్టు అన్నట్టుగా. మూడో బిడ్డ సీసా సంగతే మరచి నేల మీద పడిన తడి చుక్కను వేలితో రాస్తూ ఉండిపోతాడు. బయటి నుంచి చూసేవారికి ఇది ఆటలాగే కనిపిస్తుంది, కానీ ఆ పది సెకన్ల మౌనంలో ఆమె కనీసం నాలుగు సంగతులు గమనించి రాసుకుంటుంది.

ఆ తరువాత వెనుక నుంచి పేరు పెట్టి పిలుస్తారు, దూరంగా ఉన్న బొమ్మను చూపుతో మాత్రమే చూపిస్తారు, బొమ్మకు పుట్టినరోజు చేద్దామంటారు. బువ్వాలాటలో ఖాళీ గిన్నెలోంచి లేని అన్నం తీసి బొమ్మ నోట్లో పెట్టగలడా అన్నది ఇక్కడ చూస్తారు. ఏడాస్-2 అనే ప్రామాణిక పరిశీలన ఈ పద్ధతిలోనే సాగుతుంది, దానికి 40 నిమిషాల నుంచి గంట వరకు పడుతుంది. దాన్ని వాడే శిక్షణ ఉన్నవారు అన్ని ఊళ్లలోనూ దొరకరు. అది లేకుండానే నిపుణులు సరైన నిర్ధారణ చేయగలరు, దాని స్కోరు ఒక్కటే పెట్టుకుని నిర్ధారణ చేయడం మాత్రం సరికాదు.

తల్లిదండ్రులతో మాట్లాడటానికి ఇంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. గర్భం, కాన్పు, పుట్టగానే ఏడ్చాడా లేదా, మెడ ఎప్పుడు నిలిపాడు, ఎప్పుడు నడిచాడు, మొదటి మాట ఏది, వంశంలో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా వంటివన్నీ అడుగుతారు. మేనరికం గురించి అడిగినా నొచ్చుకోకండి, వారసత్వంగా వచ్చే ఇతర జబ్బులను విడదీసి చూడటానికి అది అవసరం. పది నిమిషాలు చూసి పేరు పెట్టి పంపించారంటే అది పూర్తి అంచనా కిందికి రాదు.

మేము ఏమేం తీసుకువెళ్లాలి?

టీకాల కార్డు, డిశ్చార్జి కాగితాలు, పాత పరీక్షల ఫలితాలు, అంగన్‌వాడీ టీచరో బడి టీచరో రాసిచ్చిన నాలుగు మాటలు తీసుకువెళ్లండి. వీటన్నిటికంటే ఫోనులో తీసిన వీడియోలు ఎక్కువగా పనికొస్తాయి. అన్నం తినేటప్పుడు, పిలిచినప్పుడు, పిన్ని పిల్లలతో ఉన్నప్పుడు, ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు రెండు మూడు నిమిషాల చొప్పున తీయండి. పద్యం చెప్పించి తీసిన వీడియో వద్దు. మొదటి పుట్టినరోజు వీడియో ఉంటే తప్పక తీసుకురండి, మీకు అప్పట్లో కనిపించని సంగతులు నిపుణులకు అందులో కనిపించవచ్చు. పగలంతా బిడ్డను చూసుకునేది అమ్మమ్మో నానమ్మో అయితే ఆమెను వెంట తీసుకురావడం ఇంకా మంచిది.

వినికిడి బాగానే ఉందని మాకు తెలుసు. అయినా బెరా పరీక్ష ఎందుకు రాస్తారు?

టీవీలో ప్రకటన వినిపించగానే పరుగెత్తుకొచ్చే బిడ్డకు చెవుడు ఎక్కడిదని మీరు అనుకోవడం సహజమే. కానీ కొన్ని రకాల వినికిడి లోపాల్లో పెద్ద శబ్దాలు వినబడుతూనే, మాటలోని సన్నని ధ్వనులు మాత్రం అందవు. అలాంటి బిడ్డ కూడా పిలిస్తే పలకడు, మాటలూ రావు. అందుకే మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష చేయించాలి. బెరాలో బిడ్డ నిద్రపోతుండగా తలకు చిన్న తీగలు అంటించి, శబ్దానికి నరాల స్పందనను నమోదు చేస్తారు. నొప్పి ఉండదు.

మూర్ఛ అనుమానముంటే ఈఈజీ, ముఖ కవళికల్లోనో తల చుట్టుకొలతలోనో తేడా ఉంటే, లేదా బుద్ధి వికాసం కూడా వెనుకబడితే జన్యు పరీక్షలు రాస్తారు. ఫ్రాజైల్ ఎక్స్, ఆడపిల్లల్లో కనిపించే రెట్ సిండ్రోమ్ వంటివి వీటిలో తెలుస్తాయి. జుట్టు పరీక్ష చేసి ఒంట్లో లోహాలున్నాయని చెప్పేవాటికి ఆటిజం నిర్ధారణలో స్థానం లేదు.

నివేదికలో కార్స్ 34 అనీ ఇసా 98 అనీ ఉంది. వీటి అర్థమేమిటి?

ఇవి రెండు వేర్వేరు కొలమానాలు. కార్స్‌లో 15 అంశాలుంటాయి, మొత్తం 15 నుంచి 60 వరకు వస్తుంది, 30 నుంచి ఆటిజం పరిధిగా లెక్కిస్తారు.

ఇసా మన దేశపు కొలమానం. సికింద్రాబాదులోని పైన చెప్పిన సంస్థ తయారు చేయగా 2009లో విడుదలైంది. ఇందులో సామాజిక సంబంధాలు, భావోద్వేగ స్పందన, మాట-భాష, ప్రవర్తన, ఇంద్రియాలు, బుద్ధి అనే ఆరు విభాగాల్లో 40 అంశాలున్నాయి. ప్రతి అంశానికీ, ఆ లక్షణం అరుదుగా కనిపిస్తే 1, ఎప్పుడూ కనిపిస్తే 5 వేస్తారు. అంటే ఏ లక్షణమూ లేని బిడ్డకు కూడా 40 వస్తుంది. 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, అది దాటితే తీవ్రం అని విభజించారు.

డీఎస్‌ఎం-5లోని 1, 2, 3 స్థాయిలు మరో లెక్క. బిడ్డకు రోజువారీ జీవితంలో ఎంత సాయం అవసరమో అవి చెబుతాయి. పాత నివేదికల్లో ఆస్పర్గర్, పీడీడీ అని రాసి ఉంటే 2013 తరువాత వాటిని ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే పేరు కిందికి తెచ్చారని గుర్తించండి.

వైద్యుల నివేదిక ఉండగా సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ మళ్లీ ఎందుకు?

రెండింటి ప్రయోజనం వేరు. నివేదిక బిడ్డకు ఏం నేర్పాలో చెబుతుంది, సర్టిఫికెట్ ప్రభుత్వం నుంచి ఏమేం అందాలో తేలుస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రయోజనాల్లో చాలావాటికి కనీసం 40 శాతం ఉండాలి. ఆ శాతాన్ని ఇసా స్కోరు నుంచే లెక్కిస్తూ వచ్చారు. స్కోరు 70 ఉంటే 40 శాతం, 71 నుంచి 88 వరకు 50 శాతం, ఇలా పెరుగుతూ 158 దాటితే 100 శాతం.

ఇక్కడే ఒక గందరగోళం తలెత్తుతుంది. "ఇసా 40" అని చూసి 40 శాతం వచ్చిందనుకునేవారున్నారు. నిజానికి 40 అంటే కనీస మార్కు, అక్కడ వైకల్యమే లేదు. అలాగే శాతం ఎక్కువ రావాలని లక్షణాలను పెంచి చెప్పడం, నలుగురిలో నామోషీ అని తగ్గించి చెప్పడం రెండూ బిడ్డకే నష్టం. అదే కాగితం రేపు బడిలోనూ పరీక్షల సడలింపుల్లోనూ పనికిరావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా సదరం శిబిరానికి స్లాటు తీసుకోవడం ప్రజలకు అలవాటైన దారి, తెలంగాణలో ఇదివరకు మీసేవ ద్వారా తీసుకునేవారు. దేశమంతటికీ చెల్లే యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు స్వావలంబన్ పోర్టల్ ఉంది. చిన్నపిల్లలకు తరచుగా తాత్కాలిక పత్రమే ఇస్తారు కనుక దాని మీది గడువు చూసుకుని ముందుగానే తిరిగి స్లాటు కోసం ప్రయత్నించండి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ ఆరోగ్య బీమాకు కూడా ఈ సర్టిఫికెట్టే ఆధారం.

ఫోన్ మాన్పిస్తే సరిపోతుందని, ఇది "వర్చువల్ ఆటిజం" అని విన్నాం. అంచనాను వాయిదా వేయవచ్చా?

ఆ పేరుతో డీఎస్‌ఎంలో గానీ ఐసీడీలో గానీ ఏ జబ్బూ లేదు. ఫోన్ మాన్పించండి, మంచిదే. అన్నం తినేటప్పుడు ఎదురుగా తెర లేకపోతే ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది, మాట్లాడుకునే సందర్భాలు పెరుగుతాయి. కొందరు పిల్లల్లో మార్పు కూడా కనిపిస్తుంది. అయితే ఆటిజం ఉన్న పిల్లలు ఫోనుకు ఎక్కువగా అతుక్కుపోతారన్నదీ నిజమే కనుక ఏది కారణమో ఏది ఫలితమో ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఫోన్ మాన్పించడమూ అంచనాకు పేరు రాయించడమూ ఒకే రోజున మొదలుపెట్టండి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు ఉండటం వల్ల కూడా ఆటిజం రాదు. ఎవరో చెప్పారని ఇంట్లో తెలుగు మానేయకండి.

ఆడపిల్లల్లో గుర్తించడం కష్టమా?

కష్టమే. తోటివారిని చూసి అనుకరిస్తూ, బడిలో ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా గడిపి, ఇంటికి రాగానే కుప్పకూలిపోయే ఆడపిల్లలున్నారు. "సిగ్గరి, బుద్ధిమంతురాలు" అన్న మెప్పు మాటున ఏళ్లు గడిచిపోతాయి. టీచరు మాట ఒక్కటే నమ్మకుండా ఇంట్లో కనిపించేది విడిగా చెప్పండి.

ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే?

ఇది అరుదు కాదు. అతి చురుకుదనం, భాషా లోపం, బుద్ధి వికాసంలో ఆలస్యం ఆటిజంతో కలిసీ ఉండవచ్చు, దానిలా కనిపించనూ వచ్చు. 2013కు ముందు ఆటిజం, ఏడీహెచ్‌డీ (అతి చురుకుదనం) రెండూ ఒకే బిడ్డకు రాయడానికి ప్రమాణాలు ఒప్పుకునేవి కావు, ఇప్పుడు ఒప్పుకుంటాయి. ఏయే లక్షణాన్ని ఏ ఆధారంతో నిర్ణయించారో ఇద్దరినీ రాతపూర్వకంగా అడగండి. ఆధారాలు రాసిన నివేదికకు విలువ ఎక్కువ. ఆరు నెలల తరువాత మళ్లీ చూద్దామన్నా అది తప్పించుకోవడమని అనుకోనక్కరలేదు. కానీ ఆ ఆరు నెలలూ బిడ్డకు సాయం అందుతూనే ఉండాలి. స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మొదలుపెట్టడానికి నిర్ధారణ పత్రం వచ్చేదాకా ఆగవలసిన పని లేదు.

పెద్దవారికి కూడా నిర్ధారణ చేస్తారా?

చేస్తారు. బిడ్డకు నిర్ధారణ అయిన తరువాత తండ్రికో తల్లికో తమ చిన్నతనం గుర్తుకు వచ్చి అడగడం తరచుగా జరుగుతుంది. ఆన్‌లైనులో దొరికే 50 ప్రశ్నల ఏక్యూ వంటివి అనుమానానికి ఆధారమే తప్ప నిర్ధారణ కావు. లక్షణాలు బాల్యం నుంచీ ఉన్నాయని తేలాలి కనుక అమ్మానాన్నల జ్ఞాపకం, పాత ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసిన వ్యాఖ్యలు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి.

మేము అమెరికాలో ఉంటున్నాం. బడివాళ్లు ఆటిజం అని రాశారు. అది సరిపోతుందా?

అక్కడ రెండు దారులు వేర్వేరుగా నడుస్తాయి. బడి చేసే మూల్యాంకనం, బిడ్డకు ప్రత్యేక విద్య అర్హత ఉందో లేదో చెప్పి ఐఈపీకి, అంటే ఆ బిడ్డ కోసం బడి రాసే విడి విద్యా ప్రణాళికకు, దారి చూపుతుంది. బీమా ద్వారా చికిత్స కావాలంటే సాధారణంగా వైద్యపరమైన నిర్ధారణ విడిగా అడుగుతారు. మూడేళ్లలోపు బిడ్డయితే రాష్ట్ర ప్రభుత్వపు సత్వర సేవల విభాగానికి మీరే నేరుగా ఫోన్ చేయవచ్చు. అంచనాలో మీకు, బిడ్డకు దుబాసీ అవసరమైతే అడగండి. ఇంట్లో తెలుగే మాట్లాడే బిడ్డను ఇంగ్లిషులో మాత్రమే పరీక్షించి భాష వెనుకబడిందని రాయడం సరైన అంచనా కాదు. స్వదేశానికి తిరిగి వస్తే అక్కడి నివేదిక ఇక్కడి వైద్యులకు ఎంతో ఉపయోగపడుతుంది, కానీ సర్టిఫికెట్ కోసం ఇక్కడి వైద్య బోర్డు ముందుకు బిడ్డను తీసుకువెళ్లవలసిందే. వచ్చేటప్పుడు నివేదికతో పాటు మార్కుల పట్టికలు, ఐఈపీ ప్రతులు కూడా సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.